రాత్రి రెండింటికి ఎండెక్కడిది?

మొన్న ఏప్రిల్లో మా అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తు బాల్కనీ అద్దం రాత్రి రెండింటికి ఢామ్మని పగిలింది. ఎవరూ తాకలేదు, గాలీ లేదు. పార్కింగ్‌లో శనగగింజలంత ముక్కలు గుట్టగా పడ్డాయి, కొన్ని మాత్రం ఒకదానికొకటి అంటుకుని అరచేతంత పెళ్లలుగా ఉన్నాయి. తెల్లారేసరికి వాచ్‌మన్ అంతా ఊడ్చి చెత్తబండికి ఎత్తేశాడు. తొమ్మిదింటికి బిల్డర్ మనిషి వచ్చి, "ఎండలకి సార్, మామూలే" అనేసి వెళ్లాడు.

రాత్రి రెండింటికి ఎండెక్కడిది?

టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన అద్దం) ఇలా పగలడానికి బిగించేటప్పుడు అంచు దెబ్బతినడం లాంటి కారణాలు కూడా ఉంటాయి. కానీ మనవాళ్లెవరూ మాట్లాడనిది నికెల్ సల్ఫైడ్ గురించి. గాజు కరిగించేటప్పుడు ఎక్కడిదో కాస్త స్టెయిన్‌లెస్ స్టీల్ రజను కలిస్తే చాలు, అందులోని నికెల్ గంధకంతో కలిసి కంటికి ఆనీ ఆననంత చిన్న గుళికవుతుంది. టఫెన్ చెయ్యడానికి అద్దాన్ని 600 డిగ్రీలు దాటించి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు కదా, ఆ తొందరలో గుళిక తన వేడి రూపంలోనే ఇరుక్కుపోతుంది. సుమారు 380 డిగ్రీల కింద దానికి ఉండాల్సిన రూపం వేరు. నెలలకో ఏళ్లకో నిదానంగా ఆ రూపంలోకి మారుతూ 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. టఫెన్డ్ గ్లాస్ నడిమి పొర ఎప్పుడూ టెన్షన్‌లోనే, అంటే రెండు వైపులా లాగినట్టు బిగుసుకునే ఉంటుంది కాబట్టి ఆ కాస్త ఉబ్బుకే పలక మొత్తం పోతుంది.

దీనికి మందు ఉంది, పేరు హీట్ సోక్ టెస్ట్. టఫెన్ చేసిన అద్దాన్ని ఫ్యాక్టరీలోనే మళ్లీ ఓవెన్‌లో పెట్టి 260 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచుతారు (యూరప్ ప్రమాణం ఈఎన్ 14179లో 2005లో ఇది 290 డిగ్రీలు, 2016లో తగ్గించారు). ఏళ్లు పట్టే మార్పు అక్కడే అయిపోతుంది, పగలాల్సింది మన తల మీద కాకుండా ఓవెన్‌లో పగులుతుంది. నడిచే దారి పైన, పిల్లలు ఆడుకునే చోటి పైన బిగించే ప్రతి టఫెన్డ్ పలకకీ ఇది తప్పనిసరి చెయ్యాలి, బిల్డర్ ఇష్టానికి వదలకూడదు.

ఖర్చు పెరుగుతుందని, అయినా నూటికి నూరు శాతం గ్యారంటీ లేదని అంటారు. గ్యారంటీ లేని మాట నిజమే. ఆ యూరప్ ప్రమాణం లెక్కలో కూడా టెస్ట్ దాటిన 400 టన్నుల అద్దానికి ఒక పలక పగలొచ్చు. 12 ఎంఎం అద్దం చదరపు మీటరుకి 30 కిలోలు, అంటే 13 వేల చదరపు మీటర్లకి ఒకటి. ఆ ఒక్కటి కూడా కింద పడకూడదంటే ల్యామినేటెడ్ (రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన అద్దం) వాడండి, నేను కాదనను. కానీ ఆ ఒక్కదాన్ని చూపించి టెస్టే మానేస్తామంటే ఒప్పుకోను.

అసలు నా బాధ అద్దం దగ్గర ఆగదు. మెల్‌బోర్న్‌లో 1958లో ఐసీఐ అనే రసాయనాల కంపెనీకి ఐసీఐ హౌస్ కట్టారు, అప్పట్లో ఆస్ట్రేలియాలో అదే ఎత్తైన భవనం. అద్దాలు పగిలి రాలడం మొదలైతే వాళ్లు ఊడ్చి ఊరుకోలేదు, ముక్కల్ని ల్యాబుకి పంపారు. బాలంటైన్ అనే పరిశోధకుడు 1961లో నికెల్ సల్ఫైడ్‌ని పట్టుకున్నాడు. ముక్కలు దాచబట్టే కదా దొరికింది! మాదాపూర్, గచ్చిబౌలిలో ఇన్ని అద్దాల మేడలు లేచాయి, ఎక్కడ ఏ పలక ఎందుకు పగిలిందో మామూలు మనిషి వెళ్లి చూసుకోగలిగే రికార్డు ఏదైనా ఉందా? లిఫ్ట్ తెగినా, గోడ కూలినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా మనకి ముందు చీపురు వస్తుంది, తర్వాత నష్టపరిహారం మాట వస్తుంది, కారణం ఎప్పటికీ రాదు. కారణం రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సొస్తుంది, అందుకే ఎవరూ రాయరు.

మా అద్దం నికెల్ సల్ఫైడ్ వల్లే పోయిందని నేను చెప్పలేను, చూడ్డానికి ముక్కే మిగల్లేదు. ఆ రకంగా పగిలితే మొదలైన చోట సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు పక్కపక్కనే ఉంటాయి, మధ్య గీత మీద ఆ గుళిక చిన్న చుక్కలా ఉంటుంది. కొత్త పలక బిగించడానికి ఫ్యాబ్రికేటర్ వచ్చినప్పుడు హీట్ సోక్ సర్టిఫికెట్, ఆ బ్యాచ్ ఓవెన్ చార్టు (ఓవెన్‌లో ఎంత వేడి, ఎంతసేపు అన్న రికార్డు) అడిగాను. రెండూ లేవన్నాడు. తెచ్చాకే బిగించమన్నాం, ప్రస్తుతం బాల్కనీకి తాడు కట్టి ఉంది.