డిశ్చార్జి తర్వాత ఎవరి రోగి?

హెర్నియా, అపెండిక్స్, పిత్తాశయంలో రాళ్లు, గర్భసంచి, కుటుంబ నియంత్రణ. వీటిలో ఏది చేయించుకోవాల్సి వచ్చినా బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా మన ఇళ్లలో చెప్పుకునే ధైర్యం ఒకటే: ‘చిన్న ఆపరేషనే’. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. నాలుగు రోజుల్లో ఇంటికొచ్చి, నెల తిరక్కుండా పనుల్లో పడినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ భరోసా వల్లనే, ఎవరికైనా ఒంట్లో తేడా చేసినప్పుడు దాన్ని తేడాగా గుర్తించడానికే రెండు రోజులు పడుతోంది. ప్రాణం పోయేది ఆ రెండు రోజుల్లోనే.

ఆపరేషన్ బల్ల మీద పోయేవారు చాలా తక్కువ. 14 దేశాల్లో, 45 ఏళ్లు దాటిన సుమారు 40 వేల మందిని ఆపరేషన్ తర్వాత 30 రోజుల పాటు గమనించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. ఆ గడువులో మరణించిన 715 మందిలో బల్ల మీద పోయినవారు ఐదుగురే. 500 మంది ఆస్పత్రి మంచాల మీద, 210 మంది ఇంటికి చేరాక చనిపోయారు. అంటే సర్జన్ చేతి నైపుణ్యం ఒక్కటే చాలదు. ఆ తర్వాత రోగిని కనిపెట్టుకుని ఉన్నదెవరు అన్నదే అసలు ప్రశ్న. దీనికి ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాల్లో సరైన జవాబు లేదని మేము భావిస్తున్నాం.

ఆ రోజులు మన దగ్గర ఎలా గడుస్తాయో చూడండి. ల్యాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) కోసం గొట్టం దించేటప్పుడు పేగుకు చిన్న గాయమైందనుకుందాం. అది అప్పటికప్పుడు కంటపడకపోవచ్చు. మొదటి రోజు నొప్పి మందులు బాధను కప్పేస్తాయి. రెండో రోజో మూడో రోజో కడుపు ఉబ్బుతుంది, అన్నం సయించదు, గాలి పోదు. ‘గ్యాస్ పట్టింది’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. అత్తగారు వాము నీళ్లు పడుతుంది. ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కు ఒక సూది వేసి వెళతాడు. ఒళ్లు వెచ్చబడితే కొరాపుట్, మల్కన్‌గిరి వైపు ముందు తలపుకొచ్చేది మలేరియా. నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటున్న నాడిని మాత్రం ఎవరూ పట్టి చూడరు. లోపల నెత్తురు కారుతున్నా ఇదే వరస. వయసులో ఉన్నవారికి బీపీ చాలాసేపు నిలబడుతుంది. ముందు పెరిగేది నాడి, తగ్గేది మూత్రం. ఇక పిక్కలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరితే, అప్పటిదాకా కబుర్లు చెబుతున్న మనిషి మంచం దిగి నాలుగడుగులు వేసి కూలిపోవచ్చు. పోస్టుమార్టం జరగని చోట ఇలాంటి చావులన్నీ ‘గుండెపోటు’ ఖాతాలో కలిసిపోతాయి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ముప్పు మరొకటి ఉంది. దక్షిణ ఒడిశా గిరిజన గ్రామాల్లోనూ, మహారాష్ట్రలో గడ్చిరోలి వైపూ పుట్టుకతో వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. ఈ వ్యాధి ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా, ఆక్సిజన్ కాస్త పడిపోయినా ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి రక్తనాళాలకు అడ్డం పడతాయి. మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే తెలిస్తే సెలైన్, వెచ్చదనం, అవసరమైతే రక్తం సిద్ధం చేసుకుంటారు. తెలియకపోతే మామూలు ఆపరేషనే ప్రాణాంతకం కావచ్చు. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలిస్తామంటూ కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది, పరీక్షలు చేసి కార్డులూ ఇస్తోంది. అయితే ఆ కార్డు ఆపరేషన్ గది దాకా రావాలి కదా! అడ్మిషన్ కాగితం మీద షుగర్, బీపీ పక్కనే సికిల్ సెల్ గడి కూడా ఉండాలి. అది నింపనిదే మత్తు ఇవ్వకూడదు.

ఏం చేయాలో తెలియక ఈ మరణాలు జరుగుతున్నాయని అనలేం. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే సర్జన్ గంటల వ్యవధిలో 83 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. వారిలో పదిమందికి పైగా మరణించారు. రోజుకు 30 మించరాదన్న నిబంధన అప్పటికే ఉంది. అదే నెలలో ఒడిశాలోని అంగుల్ జిల్లాలో ఒక శిబిరంలో పొట్టలోకి గాలి ఎక్కించడానికి సైకిల్ పంపు వాడారని బయటపడింది. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. ఆ తర్వాతా, 2022 ఆగస్టు 25న హైదరాబాద్ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే, వారం తిరక్కుండా నలుగురు తల్లులు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు. వాళ్లంతా ఆపరేషన్ ‘బాగా జరిగింది’ అనిపించుకుని ఇంటికి వెళ్లినవారే.

ఇక మన సరిహద్దు సంగతి. పాతపట్నం మనిషి పర్లాకిమిడిలో, రాయగడ మనిషి విశాఖపట్నంలో, ఇచ్ఛాపురం మనిషి బరంపురంలో ఆపరేషన్ చేయించుకోవడం ఇక్కడ మామూలే. ఇంటికొచ్చాక ఆ కబురు ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్‌ఎంకు గానీ అందదు, ఎందుకంటే ఆ ఆస్పత్రి వేరే రాష్ట్రానిది. తేడా చేసి దగ్గరి ఆస్పత్రికి పరుగెత్తితే ‘చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి’ అంటారు. ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని ప్రభుత్వ ఆస్పత్రుల విషయంలో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. ఆ తీర్పు మన క్యాజువాలిటీ గుమ్మం దాకా వచ్చిన దాఖలా లేదు. చివరికి మనిషి పోతే ఆపరేషన్ ఒక రాష్ట్రం లెక్కలో, చావు ఇంకో రాష్ట్రం లెక్కలో పడుతుంది. రెండింటినీ కలిపి చూసే అధికారి లేడు.

భాష దీనికి తోడు. తెలుగు తప్ప చదవలేని మనిషి ఇంగ్లిషు, ఒడియా కాగితం మీద సంతకం పెడతాడు. చికిత్స స్వభావం, ముప్పు, ప్రత్యామ్నాయాలు రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే అంగీకారమని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. డిశ్చార్జి చీటీలో మాత్రల పేర్లు, ‘ఏడో రోజు కుట్లు విప్పాలి’ అన్న మాట ఉంటాయి. ఉండాల్సింది ఇంకోటి: కడుపు నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచినా, మూత్రం తగ్గినా, గాయం నుంచి చీము కారినా, తికమకగా మాట్లాడినా మర్నాటి దాకా ఆగకుండా రావాలని తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాల్లో రాయాలి. కింద, రాత్రిపూట కూడా మనిషి ఎత్తే ఫోను నంబరు. అచ్చుకు అర్ధరూపాయి కాదు. రెండో రోజున, ఐదో రోజున ఆస్పత్రే ఫోను చేసి అడిగితే మరీ మంచిది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చూ కలిసే ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలోనూ అమల్లో ఉన్న ఈ పథకంలో ఆ వెసులుబాటు ఉందని రోగికి చెప్పేవారేరి?

వైద్యులపై రాళ్లు రువ్వేవారితో మాకు ఏకీభావం లేదు. ఎంత జాగ్రత్త పడినా కొన్ని ఉపద్రవాలు తప్పవు, ప్రతి మరణమూ నిర్లక్ష్యం కాదు. అద్దాలు పగిలితే ఆస్పత్రి నోరు మూసుకుంటుంది, రాజీ కుదిరితే కుటుంబం నోరు మూతపడుతుంది. ఏం జరిగిందన్నది రెండు విధాలా సమాధి అవుతుంది. అడిగిన 72 గంటల్లో రోగి రికార్డులు ఇచ్చి తీరాలన్న నిబంధన 2002 నుంచి ఉంది. పోస్టుమార్టం కోరడమూ రికార్డులు అడగడమూ దుఃఖంలో ఉన్న కుటుంబానికి భారమే. అందుకే ఆ పని ప్రభుత్వమే చేయాలి. ప్రసూతి మరణాలపై సమీక్ష జరుగుతున్నట్టే, ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు సంభవించే ప్రతి మరణంపైనా జిల్లా స్థాయి సమీక్ష జరగాలి, ప్రైవేటు ఆస్పత్రులకూ అది వర్తించాలి.

2021 నవంబరు 9న ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలుసుకుని రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొఠియా గ్రామాలు, వంశధార నది మీది నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు సమస్యలపై ప్రధాన కార్యదర్శుల కమిటీ వేయాలని నిర్ణయించారు. భూమి, నీళ్ల పంచాయితీలు తెగడానికి ఏళ్లు పట్టవచ్చు. సరిహద్దు దాటి వైద్యం చేయించుకున్నవారి డిశ్చార్జి కబురు సొంతూరి ఆరోగ్య కేంద్రానికి పంపే ఏర్పాటుకు మాత్రం శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, గజపతి, గంజాం, రాయగడ జిల్లాల వైద్యాధికారులు ఒక గదిలో ఒక పూట కూర్చుంటే చాలు. ఆ సమావేశానికి తేదీ పెట్టమని రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం.