సవరణ: కార్మెనేర్ పుట్టింది చిలీలో కాదు

మొన్నటి పోస్టులో కార్మెనేర్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష గురించి "చిలీలో పుట్టిన ద్రాక్ష, మెర్లోలో ఒక రకం" అని రాశాను. రెండూ తప్పే, క్షమించండి. మెర్లో కూడా ఎర్ర వైన్ చేసే ద్రాక్షే, కానీ వేరే రకం.

దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బోర్డో. 19వ శతాబ్దంలో అక్కడి నుంచి చిలీకి వెళ్లింది. తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు వేర్లు పీల్చేసి బోర్డో తోటలను ఎండబెట్టింది. మళ్లీ నాటేటప్పుడు, పూత సరిగ్గా నిలవని ఈ రకాన్ని రైతులు దాదాపు వదిలేశారు. చిలీలో మాత్రం మెర్లో తీగల మధ్య, మెర్లో పేరుతోనే బతికింది. 1994లో ఫ్రెంచ్ ద్రాక్ష రకాల నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో అక్కడి మైపో లోయలోని ఒక తోటలో పూలు చూసి, మెలితిరిగిన కేసరాలను బట్టి గుర్తుపట్టారు. ఎంత ఓపికైన చూపో!

ఇక మెర్లోతో చుట్టరికం: కాబర్నే ఫ్రాంక్ రెండింటికీ జన్మనిచ్చిన ద్రాక్షే, రెండో పేరెంట్ మాత్రం వేరు. అంటే సవతి తోబుట్టువులు.

ఈ తేడా గ్లాసులోనూ తెలుస్తుంది. కార్మెనేర్ మెర్లో కంటే కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. రెండింటినీ కలిపి ఒకేసారి కోసేస్తే, వైన్‌లో అప్పుడే తరిగిన పచ్చి క్యాప్సికమ్ వాసన గుప్పుమంటుంది. బాగా పండనిస్తే ఆ ఘాటు తగ్గి, నల్ల ప్లమ్, కోకో, మిరియాల వాసనలు ముందుకొస్తాయి.