నాలుగొందలు కూడా కాదు సార్, 398!

పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకాయన సెలవిచ్చారు: "ఆ రోజుల్లో పల్లెటూరి టీచర్లు నాలుగొందల జీతంతో రాజాల్లా బతికారు. మీరు లక్షలు తెచ్చుకుని ఈఎంఐలని ఏడుస్తారు." కింద వరసగా దండాలు, చప్పట్లు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఏసీ వేసుకుని పాతకాలం పేదరికాన్ని మెచ్చుకోవడానికి ఏం ఖర్చవుతుంది లెండి.

మా నాయన ఆ రాజుల్లో ఒకరు. ఎనభైల్లో స్పెషల్ టీచర్. నెలకి 398 రూపాయలు, ఫిక్స్‌డ్. వాళ్ళని "398 టీచర్లు" అనే పిలిచేవాళ్ళు, ఖైదీ నంబరులాగా. పక్క గదిలో అదే ఎక్కాలు చెప్పే రెగ్యులర్ సారుకి స్కేలు, డీఏ, ఇంక్రిమెంట్లు. మా నాయనకి 398. ఆ కాలం సర్వీసులో కలవలేదని నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం, అంటే బకాయిలివ్వకుండా కాగితం మీద కలిపే ఇంక్రిమెంట్ల కోసం, సంఘాలు ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది.

"పల్లెటూళ్ళో ఖర్చేముంటుంది, కూరగాయలు ఊరివాళ్ళే ఇస్తారు" అట. అవును, కాయలు విరగకాసినప్పుడు సొరకాయ ఇస్తారు. బియ్యం, కిరసనాయిలు, ఇంటి బాడుగ, పిల్లలకి జ్వరమొస్తే అనంతపురం బస్సు ఛార్జీ, ఇవి ఎవరిస్తారు? జీతం ఒకటో తారీఖున వచ్చిన పాపాన పోలేదు. అంగట్లో ఎర్ర అట్ట పద్దు పుస్తకం. నాయన బడికి పోతుంటే శెట్టి నలుగురి ముందూ ఆ పుస్తకం తెరిచి, "అయ్యవారూ, పోయిన నెలది అట్లే ఉండాది" అనేవాడు. మర్యాదగానే అనేవాడు, అదే మండేది. ఇన్‌స్పెక్షన్‌కి ఆఫీసరొస్తే కాఫీకి చక్కెర పక్కింట్లో గ్లాసుతో అప్పు.

పైగా జనాభా లెక్కలు, ఓటరు లిస్టులు, ఎలక్షన్ డ్యూటీ. రాజుగారికి బడి పని ఒక్కటే సరిపోదుగా.

"పెన్షన్ వస్తుందిగా" అని ఇంకొకాయన. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్ళని అడగండి, పాత పెన్షన్ బదులు జీతంలోంచి కోసి పెట్టే ఈ సీపీఎస్ అంటే ఏంటో వాళ్ళు చెప్తారు.

ఈ గ్రూపువాళ్ళని అని ఏం లాభం, మా ఇంట్లోనే ఉన్నారు ఇలాంటివాళ్ళు. మా పెద్దనాయన. పెనుకొండ దగ్గర పొలం. నా అక్క పెళ్ళికి నాయన చేబదులు అడిగితే, పెళ్ళివాళ్ళు వింటుండగానే, "బతకలేక బడిపంతులని ఊరికే అన్లేదు రా" అన్నాడు. డబ్బూ ఇవ్వలేదు. ఆయన కొడుక్కి పదో తరగతి లెక్కలు రోజూ రాత్రి లాంతరు పెట్టుకుని ఉచితంగా చెప్పింది ఈ బతకలేని బడిపంతులే.

అక్కడికి కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ పొలం ధరకి రెక్కలొచ్చాయి. అమ్మేశారు. ఆ లెక్కలు నేర్చుకున్న కొడుకు ఇప్పుడు ఇక్కడే బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో ఫ్లాట్ కొన్నాడు, వచ్చే వారం గృహప్రవేశం. నాయన అప్పుడే బస్సు టికెట్ బుక్ చేయమంటున్నారు, "ఎంతైనా మా అన్న కదా" అని. చేస్తాను. స్టాపు దగ్గర దింపుతాను కూడా. నేను మాత్రం ఆ గడప తొక్కను.