బుల్లి రైళ్లు నడిచేది మాటల మీదే

2024 జనవరిలో బ్రిటన్‌లోని నమూనా రైళ్ల ప్రియులకు వరసగా రెండు దెబ్బలు తగిలాయి. లివర్‌పూల్‌లో 1946లో మొదలైన హాటన్స్ దుకాణం మూసేస్తున్నామని ప్రకటించింది. బర్మింగ్‌హామ్‌లోని ఎన్‌ఈసీ ప్రాంగణంలో ఏటా పెద్ద ప్రదర్శన జరిపే వార్లీ క్లబ్బు కూడా అదే నెలలో ఇక తన వల్ల కాదని చేతులెత్తేసింది. దుకాణం మూతకు కారణాలు వ్యాపారానికి సంబంధించినవి, ఏ ఊళ్లోనైనా ఉండేవే. క్లబ్బు చెప్పిన కారణమే ఆలోచించదగ్గది. అంత భారం నెత్తిన వేసుకోగల సభ్యులు ఇప్పుడు తమలో చాలినంత మంది లేరన్నది దాని సారాంశం.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక తయారు మాట వినిపిస్తుంది. పిల్లల చేతికి ఫోన్లు వచ్చాయి, బొమ్మ రైళ్ల సరదా పాతబడింది, ఈ ముసలివాళ్లతోనే దీని కథ ముగుస్తుంది అని. సరుకు వైపు చూస్తే ఈ మాట నిలవదు. ఇప్పుడు దొరుకుతున్నంత మంచి నమూనా ఇంజన్లు మునుపెన్నడూ దొరకలేదు. అరచేతిలో ఇమిడే డీజిల్ ఇంజన్ అసలు ఇంజన్‌లాగే గుర్రుమంటుంది, హారన్ కొడుతుంది, దిశ మారితే దీపాలు మార్చుకుంటుంది. జర్మనీ కంపెనీ మేర్క్‌లిన్ 2009లో దివాలా తీసి కూడా మళ్లీ నిలదొక్కుకుంది. హాంబర్గ్‌లో కవల సోదరులు 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ అనే బుల్లి రైళ్ల ప్రదర్శనకు జనం విరగబడి వస్తున్నారు. కొనేవాళ్లూ చూసేవాళ్లూ ఉన్నారు. తరుగుతున్నది ఈ రైలు పిచ్చివాళ్లు రోజూ ఒకరితో ఒకరు చెప్పుకునే కబుర్లు. ఈ అభిరుచికి అసలు పెట్టుబడి అదేనని నా వాదన.

బయటివాళ్లకు ఆ కబుర్లు వింటే నవ్వొస్తుంది. అమెరికాలోని ఏ బృందాన్నైనా తీసుకోండి. అందులో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లే. పొద్దున్నే ఒకాయన తమ ఊళ్లో మంచు ఎంత కురిసిందో చెబుతాడు. మరొకాయన మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి ఎప్పుడు వెళ్లొచ్చో డాక్టరు చెప్పడం లేదని విసుక్కుంటాడు. ఇంకొకాయన తిన్న ఫలహారం సంగతి ఎత్తుకుంటాడు. మనవరాలి పరీక్షలు, పిల్లి అలక, కారు మరమ్మతు. వీటన్నిటి మధ్య ఎక్కడో నిన్న రాత్రి మూడడుగుల పట్టా వేసి, రెండడుగులు పీకేశానన్న మాట దొర్లుతుంది. ఎందుకు పీకావని ఎవరో అడుగుతారు. వంపు వ్యాసార్ధం 18 అంగుళాలే పెట్టాను, పొడుగు పెట్టెలు పట్టాలు తప్పుతున్నాయి అంటాడు. 22 పెట్టమని ఒకరంటే, ఆ గదిలో 22 ఎక్కడ పడుతుందని మరొకరు. సాయంత్రానికి అయిదుగురు కలిసి ఆయన గది కొలతలు గీసి, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తేల్చి, మార్గం చెబుతారు.

పది మాటల్లో పనికొచ్చేది ఒకటే. అయితే ఆ తొమ్మిదీ లేకపోతే ఈ ఒక్కటీ నోట రాదు. అరవై అయిదేళ్ల మనిషి, జీవితమంతా ఇంజనీరుగానో లెక్కల మాస్టారుగానో బతికినవాడు, నాకు పట్టాలు చీలే ఈ పాయింటు దగ్గర వైరింగ్ అర్థం కావడం లేదని ఎవరి దగ్గర ఒప్పుకుంటాడు? తన మోకాలి నొప్పి సంగతి తెలిసినవాళ్ల దగ్గరే. కబుర్లను కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్క చూడరు.

కబుర్లు ఆగకుండా సాగడానికి ఈ అభిరుచి స్వభావం కూడా కారణం. ఇందులో ఏదో ఒకటి రోజూ చెడిపోతుంది. పట్టాల మీద నల్లటి జిడ్డు పేరుకుని కరెంటు అందక ఇంజన్ ఆగిపోవడం అన్నిటికన్నా పాత తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలని ఒక వర్గం అంటుంది. దానివల్లే జిడ్డు త్వరగా తిరిగొస్తుంది, కిరోసిన్ జాతి ద్రావకాలు మేలని ఇంకో వర్గం. గ్రాఫైట్ రుద్దితే తుడిచే పనే ఉండదని మూడో వర్గం. దశాబ్దాలుగా ఈ తగవు తెగలేదు. తెగకూడదనే నా కోరిక కూడా.

కొన్ని తగవులు మాత్రం మాటలతోనే తెగాయి. అసలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ స్కేల్ అమెరికాలో అన్నిటికన్నా ప్రాచుర్యం ఉన్న కొలత. అక్కడ చవక పెట్టెలకు ఏళ్ల తరబడి ఎక్స్2ఎఫ్ అనే కప్లర్, అంటే పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కొక్కెం, బిగించి అమ్మేవారు. ప్రయోగదశ దాటి అధికారిక ప్రమాణంగా అది ఎన్నడూ మారలేదు, అయినా అన్ని సెట్లలోనూ అదే. ఆరెగాన్ రాష్ట్రంలో ఇద్దరు సోదరులు పెట్టిన కేడీ కంపెనీ కప్లర్ దానికన్నా ఎంతో మెరుగు, చూడటానికీ అసలు రైలు కప్లర్‌లాగే ఉంటుంది. ఏ శాసనమూ దాన్ని తప్పనిసరి చేయలేదు. కొత్తవాడు పెట్టె కొన్నరోజే పక్కనున్న పెద్దాయన, ముందు ఆ కొక్కెం పీకి కేడీ పెట్టు అనేవాడు. నోటి మాటే దాన్ని ప్రమాణంగా నిలబెట్టింది. పేటెంటు గడువు తీరాక మిగతా కంపెనీలూ అదే తరహాకు మారాయి. అధికారిక ప్రమాణాలు వద్దని నేననడం లేదు. 1935లో మిల్వాకీలో ఏర్పడిన నమూనా రైళ్లవాళ్ల జాతీయ సంఘం చక్రాలకూ పట్టాలకూ కొలతలు ఖరారు చేసింది కాబట్టే ఒకరి వ్యాగన్ మరొకరి ఇంట్లో పట్టాలెక్కుతోంది. ఒకరింటికి ఒకరు వెళ్లాలన్న కోరిక లేకపోతే ఆ కొలతల అవసరమే పుట్టదు.

అసలు రైల్వే అంటేనే సగం సంభాషణ. ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌ను లైన్ క్లియర్ అడగాలి, అవతలివాడు ఇవ్వాలి, అప్పుడే బండి కదలాలి. దీన్ని బేస్‌మెంట్‌లో యథాతథంగా జరిపించే పద్ధతి ఒకటి అమెరికాలో బాగా పాతుకుపోయింది. ఇంటాయన పదిమందిని పిలుస్తాడు. ఒకరు కంట్రోలరు, ఒకరు యార్డు మాస్టరు, మిగిలినవాళ్లు డ్రైవర్లు, గార్డులు. గోడ గడియారం మామూలు కన్నా నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. ప్రతి వ్యాగన్‌కూ ఒక కార్డు, అది ఏ సైడింగ్‌కు చేరాలో అందులో ఉంటుంది. ఒక గూడ్సు ఆలస్యమైతే ఎదురొచ్చే పాసింజరును ఏ లూప్ లైన్‌లో ఆపాలో మళ్లీ తేల్చుకోవాలి. మూడు గంటలపాటు పదిమంది ఒకరి మాట ఒకరు వింటూ పనిచేయడం ఏ ఆఫీసు సమావేశంలోనైనా చూశామా? కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ అనే కళాకారుడు తన ఇంట్లో కట్టిన కొండల రైలుమార్గం ఈ లోకంలో పేరుమోసిన నిర్మాణం. 1973 జనవరిలో ఆయన మరణించారు. కొద్ది రోజులకే మంటలు అంటుకుని ఆ లేఅవుట్ బూడిదైంది. మిగిలినవి ఫొటోలు, అక్కడ రైళ్లు నడిపిన మిత్రుల జ్ఞాపకాలు. ఇలా నడపాలి అన్న పద్ధతి మాత్రం వాళ్లతోపాటు వేరే ఇళ్లకు చేరింది.

కబుర్ల విలువకు నా దృష్టిలో గట్టి సాక్ష్యం ఒక కోర్టు తీర్పు. 1990ల్లో నమూనా రైళ్లకు డిజిటల్ నియంత్రణ వచ్చింది. ప్రతి ఇంజన్‌లో డీకోడర్ అనే చిప్ ఉంటుంది. దానిలో కొన్ని అంకెలు మారిస్తే వేగం, దీపాలు, శబ్దం మారతాయి. కంపెనీకో రకం, రకానికో అంకెల పట్టిక. బర్కిలీలోని భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ జాకబ్సెన్, ఆయనతో కలిసిన స్వచ్ఛంద మిత్రులు ఈ గందరగోళాన్ని తీర్చడానికి జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశారు. దానికి ప్రాణం డీకోడర్ వివరాల ఫైళ్లు. ఏ కంపెనీ చిప్‌లో ఏ అంకె మారిస్తే ఏ దీపం వెలుగుతుందో ఎవరికి వారు కనిపెట్టి ఒకరికొకరు చెప్పుకున్న సంగతులే ఆ ఫైళ్లుగా పోగయ్యాయి. కబుర్లే పద్ధతిగా పేర్చి పెట్టారనుకోవచ్చు.

అదే రంగంలోని ఒక సాఫ్ట్‌వేర్ వ్యాపార సంస్థ ఆ ఫైళ్లను వాడుకుంది. రాసినవాళ్ల పేర్లు ఇవ్వాలి, మార్పులు తెలపాలి వంటి లైసెన్సు షరతులను పక్కన పెట్టింది. జాకబ్సెన్ కోర్టుకెళ్లారు. ఉచితంగా ఇచ్చినదానికి షరతు తప్పితే అది ఒప్పంద ఉల్లంఘన మాత్రమేనని, కాపీరైట్ కింద నిలుపుదల ఉత్తర్వు ఇవ్వలేమని దిగువ కోర్టు అంది. 2008 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వైఖరిని తోసిపుచ్చింది. డబ్బు తీసుకోకపోయినా రచయితకు షరతులు విధించే హక్కుంది, వాటిని మీరడం కాపీరైట్ ఉల్లంఘన కాగలదని తేల్చింది. 2010లో కేసు రాజీతో ముగిసింది. ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా కోడ్‌ను బయటపెట్టే ఓపెన్ సోర్స్ లైసెన్సులకు న్యాయబలం ఉందని చెప్పడానికి న్యాయవాదులు నేటికీ ఎత్తిచూపే తీర్పు ఇది. మాదాపూర్‌లోనో బే ఏరియాలోనో రోజూ ఓపెన్ సోర్స్ మీద బతుకుతున్న మన ఇంజనీర్లలో ఎందరికి తెలుసు, ఆ పునాదిలో బొమ్మ రైలు హెడ్‌లైట్ల గురించి ముచ్చటించుకున్నవాళ్ల చెయ్యి ఉందని?

ఇక వయసు సంగతి. రోజూ పలకరించే మనిషి రెండు రోజులు కనిపించకపోతే మూడో రోజు ఎవరో ఫోన్ చేస్తారు. ఒంటరితనం ప్రజారోగ్య సమస్య అని 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ప్రత్యేక హెచ్చరిక వెలువరించారు. ఈ పెద్దాయనలకు ఆ చికిత్స ఎవరూ రాసివ్వనవసరం లేకపోయింది. నేను చనిపోయాక మా ఆవిడ ఈ ఇంజన్లను నేను ఎంతకు కొన్నానని చెప్పానో ఆ ధరకే అమ్మేస్తుందేమోనని భయం అన్న జోకు వీళ్లలో అందరూ అరిగేదాకా చెబుతారు. దాని వెనక నిజమైన పని ఉంది. ఒకరు పోతే మిగతావాళ్లు ఆ ఇంటికెళ్లి, వందల పెట్టెలు విప్పి, ఏది ఎంత విలువైనదో రాసిపెట్టి, గద్దల్లా వాలే వ్యాపారుల నుంచి ఆ కుటుంబాన్ని కాపాడతారు. ఆ ఇంటి తాళం ఎవరి చేతికి ఇవ్వాలో ఆవిడకు తెలియడం ఏళ్ల కబుర్ల ఫలం.

ఇంత మెచ్చుకున్నాక మరో వైపు చూడక తప్పదు. ఇదే ఆత్మీయత కొత్తవాళ్లకు గోడ కూడా అవుతుంది. ఇరవై ఏళ్లుగా ఒకరి జోకులు ఒకరికి కంఠతా వచ్చినవాళ్ల మధ్యకు పాతికేళ్ల అమ్మాయి వచ్చి కూర్చుంటే ఆమెకు దొరికే చోటెంత? ఆడవాళ్లు ఇక్కడ ఎప్పుడూ తక్కువే, దానికి కారణం రైళ్లు కాదు. ఇంజన్ పక్క రేకు మీది రివెట్లు లెక్కపెట్టి, నీది 1953 నాటి నమూనా, నువ్వు తగిలించిన పెట్టెలు 1957వి అని తప్పులు పట్టే మేధావులూ ఉంటారు. వాళ్ల ధాటికి మొదటి నెలలోనే పారిపోయినవాళ్ల లెక్క ఎవరూ తీయలేదు. రాజకీయాలు, మతం ఎత్తకూడదన్న అలిఖిత నియమం మాత్రం నాకు నచ్చుతుంది. తుప్పు రంగు ఎంత ముదురుగా ఉండాలన్నదాని మీద ఎంత కోపమైనా పడొచ్చు, ఎవరి ఇల్లూ కూలదు. వార్లీ క్లబ్బుకు పనిచేసే చేతులు చాలకపోవడంలో ఈ గోడ పాత్ర కూడా ఉందని నా అనుమానం. సరుకు మెరుగుపడటం దానికి తోడైంది. తయారైన ఇంజన్ పెట్టెలో ఇంటికే వస్తుంటే పక్కవాణ్ని సలహా అడగాల్సిన పనేముంది?

మన దగ్గర పరిస్థితి తలకిందులు. కబుర్లకు లోటు లేదు, సరుకుకే లోటు. ఈ రోజు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు లాలాగూడ షెడ్ ఇంజన్ తగిలించారా, విజయవాడ ఇంజనా అని ఆరా తీసేవాళ్లు, గుత్తి షెడ్ డీజిళ్ల నంబర్లు అప్పజెప్పేవాళ్లు, అరకు లోయ మార్గంలో సొరంగాలు వరసగా చెప్పేవాళ్లు తెలుగునాట ఊరికి నలుగురుంటారు. రాజమహేంద్రవరంలో 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన హేవలాక్ వంతెన గురించి కదిపితే ఇక ఆపలేం. వాళ్లలో నమూనా కట్టినవాళ్లు మాత్రం అరుదు. బొమ్మలపై దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది, నమూనా రైళ్లూ ఆ పద్దులోకే వస్తాయి. పుణేలో 1998లో తెరిచిన జోషి బుల్లి రైళ్ల మ్యూజియం లాంటిది మన రెండు రాష్ట్రాల్లో ఉంటే ఎంత బాగుండేది! గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, చిక్కు ఒకటుంది. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87వ వంతు చేస్తే 19 దాటుతుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. దాని మీద నిలబెడితే మన ఇంజన్ ఒళ్లు సరిగ్గానే ఉంటుంది, కాళ్లే దగ్గరగా పెట్టుకున్నట్టుంటుంది. బ్రిటన్‌వాళ్లూ ఇలాంటి రాజీతోనే తరాలుగా నడుపుకొస్తున్నారు, దాని మీద వాదించుకుంటూనే.

ఫ్లాట్లలో చోటు లేదన్నది వినిపించే మరో అభ్యంతరం. అమెరికాలో స్థిరపడిన మన వాళ్లకు చోటుంది, ఆ బేస్‌మెంట్లలో హోమ్ థియేటర్లున్నాయి. చోటు లేనివాళ్ల కోసం ముక్కల పద్ధతి ఎప్పుడో వచ్చింది. 1970ల్లో కాలిఫోర్నియాలో మొదలైన ఎన్‌ట్రాక్‌లో ఒక్కో ముక్క నాలుగడుగుల పొడవు. తర్వాత జపాన్‌లో ఇరుకు ఇళ్లకు తగ్గట్టు పుట్టిన టీ-ట్రాక్‌లో దాదాపు ఒక్క అడుగే, పుస్తకాల అలమరలో పడుతుంది. ఎవరి ముక్క వారు ఇంట్లో కట్టుకుని, కలిసినప్పుడు జోడిస్తే రైలు అందరి ఊళ్ల మీదుగా వెళుతుంది. ఒకరు తుని కట్టొచ్చు, ఒకరు డోర్నకల్ జంక్షన్, ఒకరు బొర్రా గుహల స్టేషన్. హైదరాబాద్‌లో నలుగురు కలిసి కూర్చుంటే ఏ ఇంజన్ కొనాలన్నది ముందు తేలాల్సిన సంగతి కాదు. ముక్క అంచు దగ్గర పట్టా ఎంత ఎత్తున ఉండాలి, రెండు లైన్ల మధ్య ఎంత దూరం, గేజ్ విషయంలో రాజీ పడదామా వద్దా అన్నవి తేల్చుకోవాలి. మూడో ప్రశ్న మీద మొదటి సాయంత్రమే గొడవ పడని బృందం ఏడాది నిలుస్తుందన్న నమ్మకం నాకైతే లేదు.