పుస్తకంలో నీలం డబ్బా వేరు, గేటు దగ్గర నీలం డబ్బా వేరు

హైదరాబాద్ ప్రైవేటు బడుల్లో జర్మన్ నేర్చుకునే పిల్లలకు చెత్త పాఠం ఎక్కడో ఒకచోట తగులుతుంది. నీలం డబ్బాలో కాగితం, పసుపు డబ్బాలో ప్యాకింగ్ సామాను, వంటింటి చెత్తకు ఇంకో డబ్బా, గాజు సీసాలకు రంగుల వారీగా వీధి తొట్లు. జర్మనీలో అదంతా నిజమే. మన ఇళ్లకు 2015లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ పంచినవి మాత్రం రెండే డబ్బాలు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. "నీలం అంటే కాగితం" అని బట్టీపట్టిన పిల్ల ఇంటికొచ్చి, ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని నీలం డబ్బా ముందు ఆగిపోతుంది. భాష పరీక్షలో ఆమెకు పదికి పది మార్కులు వచ్చి ఉండొచ్చు.

పరభాషలో చెత్త గురించి చెప్పడమే తప్పని కాదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం విస్తరించింది, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌తో పుస్తకాలు వచ్చాయి. కాబట్టి ఇది నాలుగు పెద్ద బడుల ముచ్చట కాదు. పైగా చెత్త, భాష నేర్పడానికి భలే సరుకు: చేతికి అందుతుంది, రంగు, బరువు, వాసన ఉంటాయి, రోజూ కొత్తది దొరుకుతుంది. చిక్కంతా వరుసలో ఉంది. ముందు పరభాష మాటలు నేర్పి తర్వాత వస్తువులు చూపిస్తున్నారు. పిల్లలు వస్తువుల్ని ఇంటి భాషలో విడదీశాక మాటలు తగిలిస్తే రెండూ నిలుస్తాయి.

అసలు "తడి", "పొడి" అనే మాటలే పిల్లల్ని పక్కదారి పట్టిస్తాయి. ఉల్లిపొట్టు, పల్లీ తొక్కలు, కోడిగుడ్డు పెంకులు, రాలిన ఆకులు చేతికి పొడిగానే తగులుతాయి, పోవాల్సింది మాత్రం తడి చెత్తలోకి. కడిగిన పాల ప్యాకెట్ నుంచి నీళ్లు కారుతున్నా అది పొడి చెత్తే. ఇంగ్లిష్‌లో వెట్, డ్రై అన్నా, హిందీలో గీలా, సూఖా అన్నా ఇదే గందరగోళం. కాబట్టి మొదటి ప్రశ్న "తడిగా ఉందా?" కాకూడదు, "కుళ్లుతుందా?" కావాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కూడా కుళ్లేవి, కుళ్లనివి, ఇంట్లోని ప్రమాదకరమైనవి అని మూడు రకాలుగానే విడదీశాయి. పాడైన బ్యాటరీలు, గడువు తీరిన మందులు ఆ మూడో రకం కిందికి వచ్చాయి. రెండు డబ్బాల బొమ్మే చూసిన పిల్లలకు ఈ మూడోది తెలిసే దారి లేదు.

ఇంకో మాట "పునర్వినియోగం". సీసాను కడిగి మళ్లీ నీళ్లు పట్టుకున్నా, కరిగించి దారం తీసినా తెలుగులో చాలామంది ఇదే రాస్తారు. జర్మన్‌లో ఈ రెండింటికీ వేరువేరు మాటలున్నాయి. వీడర్‌ఫెర్‌వెండన్ అంటే ఉన్న వస్తువునే మళ్లీ వాడటం, వీడర్‌ఫెర్‌వేర్టన్ అంటే అందులోని పదార్థాన్ని రాబట్టుకోవడం. వినడానికి కవలల్లా ఉండి పిల్లల్ని తికమక పెడతాయి, నిజమే. కానీ ఆ తికమకలోనే పాఠం ఉంది. ఒక హార్లిక్స్ సీసా, ఒక నలిగిన డబ్బా పక్కపక్కన పెట్టి ఏది దేనికి పనికొస్తుందో చెప్పమంటే, తెలుగులో కలిసిపోయిన తేడా పరభాషలో విడిపోతుంది. పరభాష నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే.

మన ఊళ్లో ఈ పాఠానికి బిర్యానీ పార్సెల్ చెత్త చాలు, గుంపుకొకటి. నలభై మంది ఉంటే అయిదుగురు చొప్పున ఎనిమిది గుంపులు. రెండు రోజుల ముందే చెప్పి, ప్లాస్టిక్ డబ్బా, సాలన్ కవరు, రబ్బరు బ్యాండు, ఫాయిల్ కడిగి ఆరబెట్టి తెమ్మనాలి. గాజు ముక్కలు, బ్లేడ్లు, మందులు వద్దని గట్టిగా చెప్పాలి. ఎముకలు, నిమ్మచెక్కలు నిజంగానే తెస్తే మూడో పీరియడ్‌కల్లా గది కంపు కొడుతుంది, వాటికి చీటీలు రాసి పెడితే సరి. నూనె పట్టిన టిష్యూ దగ్గర పిల్లలు తప్పకుండా పోట్లాడతారు. కాగితమే కదా అని నీలం డబ్బా వైపు లాగుతారు. తిండి అంటుకున్న కాగితాన్ని కాగితంగా ఎవరూ కొనరు, అది తడి చెత్తతోనే పోవాలి. పాల ప్యాకెట్ కూడా ఒకటి చూపించాలి: మూల పూర్తిగా తెంపేస్తే ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, ప్యాకెట్‌కే వేలాడేలా కత్తిరించాలి.

డబ్బా అడుగున త్రికోణంలో 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్. నీళ్ల సీసా మీద 1 ఉంటే పెట్. ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుందే తప్ప, మళ్లీ వస్తువవుతుందని హామీ ఇవ్వదు. చిప్స్ ప్యాకెట్‌ను గుప్పిట్లో నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది, ఫాయిల్ నలిగిందంటే అలాగే ఉండిపోతుంది. ప్యాకెట్‌లో ఉన్నది ప్లాస్టిక్ పొర మీద పలుచని అల్యూమినియం పూత. పాత సామాను కొనే కబాడీవాడు దాన్ని ఎందుకు ముట్టుకోడో ఆ నలుపుడుతోనే తెలుస్తుంది.

నీళ్ల పరీక్ష ఇంకా బాగుంటుంది. సీసా ఒంట్లోంచి ఒకటి, మూతలోంచి ఒకటి, సెంటీమీటరు ముక్కలు కోసి గ్లాసు నీళ్లలో వేస్తే మూత తేలుతుంది, సీసా ముక్క మునుగుతుంది. రీసైక్లింగ్ యూనిట్లలోనూ తురిమిన సీసాల్ని, మూతల్ని ఇలా నీటి తొట్టెల్లోనే విడదీస్తారు. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది: పలుచని సీసా ముక్క నీటి పైపొర మీదే పడుకుని తేలినట్టు కనిపిస్తుంది. ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి చెంచాతో కిందికి నొక్కితే మునుగుతుంది. ఇదంతా అయ్యాకే తేలుతుంది, మునుగుతుంది అన్న క్రియల్ని పరభాషలో ఇవ్వాలి. పీరియడ్‌కు ఎనిమిది, పది కొత్త మాటలు చాలు. ముప్ఫై ఇస్తే చెత్త పోయి చిట్టా మిగులుతుంది.

వ్యాకరణం దగ్గర మన పిల్లలకు ఒక సుళువు ఉంది. "ఎందుకంటే అది తడిగా ఉంది" అనే మాటను జర్మన్‌లో "వైల్ ఎస్ నస్ ఇస్ట్" అంటారు. "ఉంది" అక్కడా చివరికే వస్తుంది. ఇంగ్లిష్ మీదుగా జర్మన్ నేర్పే టీచర్లు దీన్ని పెద్ద గండంలా చెబుతారు. తెలుగు మీదుగా వెళితే గండమేమీ లేదు. "ఇది పొడి చెత్తలోకి వెళ్తుంది, ఎందుకంటే..." అనే ఒక్క వాక్యాన్ని పది వస్తువులతో పూర్తి చేయిస్తే చాలు.

మార్కుల దగ్గర రెండు ఖాతాలు ఉండాలి. వస్తువును సరైన డబ్బాలో వేసి వాక్యం తప్పు చెప్పిన పిల్లవాడికి సున్నా వేస్తే, రేపటి నుంచి నోరు మెదపడు. పోస్టర్లకు మార్కులు వేయడం కన్నా శుక్రవారం బడి నీలం డబ్బాలోంచి చేతికొచ్చిన ఇరవై వస్తువులు, చేతొడుగులతో, తీసి ఎన్ని తప్పుగా పడ్డాయో బోర్డు మీద రాయడం మేలు. నాలుగు వారాలు రాస్తే ఆ అంకెలే వచ్చే నెల భాష పాఠం: గతంలో ఎన్ని, ఇప్పుడు ఎన్ని, ఎందుకు తగ్గలేదు. "చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలో అన్నీ కలిపేస్తే మనం విడదీసి ఏం లాభం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. టీచరు జవాబు ఊహించి చెప్పనక్కర్లేదు. ఆటో వచ్చే వేళకు ఇద్దరు పిల్లల్ని గేటు దగ్గరికి పంపి, తెలుగులోనో ఉర్దూలోనో అడిగి రమ్మనాలి. వాళ్లు తెచ్చిన జవాబునే మర్నాడు క్లాసంతా జర్మన్‌లోకి మార్చాలి.