మీరెప్పటి నుంచి ఫ్యానండీ?

ఒక పాట నచ్చిందని నలుగురిలో నోరు జారారనుకోండి. ఎదుటివాడు "ఏ చరణం?" అని అడగడు. చాయ్ కప్పు సాసర్లో పెట్టి, కళ్ళు సగం మూసి, పెళ్ళిచూపుల్లో పిల్లవాడి జీతం కనుక్కునే మేనమామ గొంతుతో "ఎప్పటి నుంచి వింటున్నారు?" అంటాడు. అంతే, ఆ క్షణం నుంచి మీరు అభిమాని కాదు, అభ్యర్థి.

మా బ్యాచ్‌లో ఈ జబ్బు ముదిరి పాకాన పడింది. గోరటి వెంకన్న పాటంటే చెవి కోసుకునే అయిదారుగురం మేం. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో రవీంద్రభారతిలోనో సభ అయ్యాక, ఏదో ఒక చాయ్ హోటల్లో మూల బల్ల పట్టుకుని, పిల్లవాడు కుర్చీలు బోర్లించి మా కాళ్ళ మధ్య చీపురు పెట్టేదాకా కూర్చుంటాం. వెంకన్న ఎవరో తెలియనివాళ్ళు ఇది చదువుతారని నేననుకోను, అయినా రికార్డు కోసం చెబుతున్నా. 1963లో నాగర్‌కర్నూల్ వైపు గౌరారంలో పుట్టాడు. తనే రాస్తాడు, తనే బాణీ కడతాడు, తనే పాడతాడు, పాడుతూ పాడుతూ స్టేజీ మీద గంతేస్తాడు. 2020లో ఎమ్మెల్సీ అయ్యాడు, ‘వల్లంకి తాళం’ పుస్తకానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంత జరిగినా మాకు మాత్రం ఉత్త వెంకన్నే, ఏకవచనమే. తీరా ఎదురుపడితే గొంతు తడారిపోయి "నమస్తే అన్నా" తప్ప రెండో మాట రాదు, అది వేరే సంగతి.

ఇక సీనియారిటీ. మా పెద్దాయన రిటైర్డ్ అకౌంట్స్ ఆఫీసరు. సర్వీసంతా ఇంక్రిమెంట్లు, అరియర్లు, సర్వీస్ రిజిస్టర్ల మధ్య గడిపిన మనిషి కాబట్టి అభిమానానికి కూడా ఒక రూల్ పొజిషన్ ఉండాలని ఆయన పట్టుదల. ఆ రూలు ఇదీ. 2002లో ‘కుబుసం’ సినిమా వచ్చింది, అందులో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో ‘పల్లె కన్నీరు పెడుతుందో’ ఊరూరా మోగింది. కాబట్టి కటాఫ్ 2002. అంతకుముందే క్యాసెట్లో విన్నవాడు రెగ్యులర్. సినిమా చూసి వచ్చినవాడు డైరెక్ట్ రిక్రూట్. అకాడమీ అవార్డు వచ్చిందని పేపర్లో చదివి వచ్చినవాడు కాంట్రాక్ట్. ఇక రీల్స్‌లో విని వచ్చినవాళ్ళు అవుట్‌సోర్సింగ్. వీళ్ళకి పీఎఫ్ ఉండదు, చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకోవాలన్నా ఆర్థిక శాఖ క్లియరెన్స్ కావాలి.

పెద్దాయనది 1996. రుజువుగా ఒక క్యాసెట్ ఉంది. దాని గురించి తర్వాత.

కల్వకుర్తి తమ్ముడికి ఈ లెక్క మింగుడుపడదు. ఆయనది స్థానికత వాదన. "ఎప్పుడు విన్నవన్నది కాదు సార్, ఎక్కడ పుట్టినవన్నది పాయింటు. మా అత్తగారి ఊరి నుంచి గౌరారం ఎంత దూరమో తెలుసా మీకు?" అంటాడు. పెళ్ళితో వచ్చిన స్థానికత చెల్లదని పెద్దాయన ఫైలు వెనక్కి పంపుతూనే ఉంటారు, వాడు మళ్ళీ పెడుతూనే ఉంటాడు.

విజయవాడ సోదరుడి కేసు ఇంకా ఘోరం. మా అందరిలోకీ ఎక్కువ పాటలు నోటికి వచ్చినవాడు ఆయనే. కానీ నాన్ లోకల్. స్థానికేతర ఉద్యోగుల్ని వాళ్ళ వాళ్ళ ప్రాంతాలకి తిరిగి పంపమన్న 1985 నాటి 610 జీవో తీసి "నువ్వు వెంటనే రిలీవ్ అయ్యి ప్రకాశం బ్యారేజీ దగ్గర రిపోర్టు చెయ్యి" అని కల్వకుర్తి తమ్ముడు వారం వారం ఆర్డరు వేస్తాడు. ఈయన కూడా తక్కువ తినలేదు. "మీ వైపు నుంచి కృష్ణ దిగి వచ్చేటప్పుడు మేమేమన్నా లోకల్ సర్టిఫికెట్ అడిగామా అండీ?" అంటాడు. పెద్దాయనకి కంటి ఆపరేషన్ అయినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు, పిల్లలు అమెరికాలో. వారం రోజులు రోజుకి నాలుగుసార్లు ఫోన్‌లో అలారం పెట్టుకుని వచ్చి చుక్కలు వేసింది ఈ నాన్ లోకలే. "చూసి వెయ్యి నాయినా, కన్ను తెలంగాణది" అని పెద్దాయన, "చుక్క మాత్రం మాదేలెండి" అని ఈయన.

నా గురించి కూడా చెప్పాలి కదా. నన్ను వీళ్ళెవరూ సొంత పేరుతో పిలవరు. యాదగిరి అంటారు. ఒకసారి ఒక సభలో మైకు దొరికిన ఆవేశంలో ‘బండెనక బండి కట్టి’ గద్దర్ రాశాడని అనేశాను. ‘మా భూమి’ సినిమాలో పాడింది గద్దరే. కానీ ఆ పాట కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి. సభలో ఎవరూ ఏమీ అనలేదు, పెద్దమనుషులు. బయటికి రాగానే మా వాళ్ళు మొదలెట్టారు. "ఏం యాదగిరీ, చాయ్ తాగుతవా?" అప్పటి నుంచి అదే పేరు. ఒకసారి ఇంటికి ఫోన్ చేసి "యాదగిరి ఉన్నాడా అమ్మా" అంటే మా ఆవిడ రాంగ్ నంబరని పెట్టేసింది.

ఇలా సాగుతున్న సంసారంలోకి పోయిన ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. గచ్చిబౌలిలో ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సభకి ఒక్కతే వచ్చింది, హోటల్లో పక్క బల్ల దగ్గర నిలబడి మా గోల విని, "అంకుల్, మీరూ వెంకన్న ఫ్యాన్సేనా?" అంది. ‘అంకుల్’ అన్నచోట కల్వకుర్తి తమ్ముడికి మొదటి దెబ్బ తగిలింది, వాడికి ముప్పై ఎనిమిది.

పెద్దాయన కుర్చీ చూపించారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. గ్రూప్ వన్ ఇంటర్వ్యూ బోర్డు ఆ బల్ల చుట్టూ కొలువు తీరింది.

"మొదటిసారి ఎప్పుడు విన్నవమ్మా?"

"రెండేళ్ళయింది సార్. మెట్రోలో. రాయదుర్గం నుంచి నాగోల్ వెళ్తుంటే."

"ఏ పాట?"

"గల్లీ చిన్నది."

"ఏసీ మెట్రోల గల్లీ పాటనా!" అని కల్వకుర్తి తమ్ముడు తలపట్టుకున్నాడు.

"నువ్వాగు. ఇయర్‌ఫోన్సా, స్పీకరా?"

"ఇయర్‌ఫోన్స్ సార్."

"రెండు చెవులకా?"

"లేదు సార్, ఒకటి నేను పెట్టుకున్నా, ఒకటి మా అమ్మ."

పెద్దాయన టిష్యూ పేపరు మీద ఏదో రాసుకున్నారు. "అయితే సగం సర్వీసే లెక్క. రెండేళ్ళు కాదు, ఏడాది."

"మరి వాళ్ళమ్మగారి ఏడాది ఈ పాప ఖాతాలో కలపొచ్చు కదండీ, కారుణ్య నియామకం కింద" అని విజయవాడ సోదరుడు.

"తల్లి బతికుండంగ కారుణ్యమేంది? నోరు మంచిది కాదు నీది."

"క్యాసెట్ ఎప్పుడన్నా పట్టుకున్నవా బిడ్డా?"

"చూశాను సార్, మా తాతయ్య వాళ్ళింట్లో."

తాతయ్య. బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన మంచినీళ్ళు తాగి, జేబులోంచి పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టి, "దీనికీ క్యాసెట్‌కీ ఉన్న సంబంధం రెండు ముక్కల్లో చెప్పు" అన్నారు. పాపం ఆ పిల్ల పెన్సిల్ వైపు చూసింది, మా వైపు చూసింది, "పేరు రాయడానికా?" అంది. అందరం పడి పడి నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ జవాబు తప్పేం కాదనిపిస్తోంది, అక్కడికే వస్తున్నా.

టేపు వదులైతే పెన్సిల్ దూర్చి తిప్పేవాళ్ళమని చూపించడానికి పెద్దాయన సంచిలోంచి ఆ క్యాసెట్ తీశారు. అదే, 1996ది. ఎన్నేళ్ళుగానో దాన్ని దూరం నుంచి చూడడమే తప్ప మాలో ఎవరికీ ముట్టుకునే భాగ్యం దక్కలేదు. పాత కళ్ళజోడు డబ్బాలో, జేబురుమాలు చుట్టి ఉంటుంది. అరవై నిమిషాల టేపు. పైన ఉండే రెండు బుల్లి రెక్కలూ విరిచేసి ఉన్నాయి, పొరపాటున కూడా దాని మీద ఇంకోటి రికార్డు కాకుండా. మూత కీలు ఎప్పుడో విరిగితే రబ్బరు బ్యాండు వేశారు, ఆ బ్యాండు కరిగి అట్టకి అంటుకుపోయింది. "చేతులు తుడుచుకో, బిస్కెట్ పొడి ఉంటది" అని చెప్పి మరీ ఆ పిల్ల చేతిలో పెట్టారు. మేం నోరెళ్ళబెట్టాం. మాకివ్వలేదు చూడండి!

అమ్మాయి దాన్ని లైటు కిందికి తిప్పి లేబుల్ చదివింది. నీలం బాల్‌పెన్నుతో గుండ్రటి అక్షరాలు.

"జానపదాలు, మూడు. తుడపరాదు."

మళ్ళీ చదవమన్నాం. మళ్ళీ చదివింది. ‘తుడపరాదు’ కింద రెండు గీతలు కూడా ఉన్నాయట.

"వెంకన్న పేరేది సార్?"

పెద్దాయన కాసేపు కప్పులోకి చూశారు. "అప్పుడు పేరు తెల్వదమ్మా. ఎవరో పాడంగ ఎవరో రికార్డు చేసిండు. దానికి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ. పాట మంచిగున్నదని పెట్టుకున్న. రాసినాయన ఈయన అని తెలిసేసరికి ఐదారేండ్లు పట్టింది."

కల్వకుర్తి తమ్ముడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తొంభై ఆరు, ప్లస్ ఆరు. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "2002! కుబుసం! సార్, మీరు సినిమా చూసి తెలుసుకున్నరు! డైరెక్ట్ రిక్రూట్!"

ఆ తర్వాత జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కాను. విజయవాడ సోదరుడు ఇన్నేళ్ళ సీనియారిటీ బెనిఫిట్లు, అనగా ప్రతి ఆదివారం మొదటి కప్పు, ఫ్యాను కింది కుర్చీ, వడ్డీతో సహా రికవరీ పెట్టాలన్నాడు. పక్క బల్లవాళ్ళు ఏదో గొడవనుకుని బిల్లు కట్టేసి వెళ్ళిపోయారు. పెద్దాయన నవ్వి నవ్వి, ఆపరేషన్ అయిన కంట్లోంచి నీళ్ళు కారుతుంటే, "చుక్కలెయ్యిరా నాన్ లోకల్" అన్నారు.

అప్పుడు ఆ అమ్మాయి తన ఫోన్ బల్ల మీద పెట్టింది. అవే పాటల్లో ఒకటి, ఎవరో ఈమధ్యే షూట్ చేసి పెట్టిన వీడియో. చెరువు గట్టు, లంగా ఓణీలు, స్లో మోషన్. కింద పేర్ల చిట్టా. నిర్మాత ఉన్నాడు. కొరియోగ్రాఫర్ ఉన్నాడు. డ్రోన్ ఎగరేసినవాడు ఉన్నాడు, పోస్టర్ డిజైన్ చేసినవాడు ఉన్నాడు, ‘ప్రత్యేక కృతజ్ఞతలు’ కింద ఇద్దరు కౌన్సిలర్లున్నారు. సాహిత్యం దగ్గర ఏముందో తెలుసా? జానపదం.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు, క్షమించండి. పెద్దాయన క్యాసెట్‌ది వేరే కాలం, చేతులు మారీ మారీ వచ్చిన కాపీ, పేరు దారిలో రాలిపోయింది. రాలిపోయినా ఆయన పాటని దాచాడు, తుడపరాదని రాసుకున్నాడు, తెలిసిన రోజు నుంచి కనపడ్డవాడికల్లా ఆ పేరు చెబుతున్నాడు. వీడియో తీసిన మహానుభావులారా, మీకేం రోగం? ఫోన్ మీ చేతిలోనే ఉంది, రెండు ముక్కలు కొడితే రాసినవాడి పేరూ ఊరూ ఫొటో అన్నీ వస్తాయి. తెలియక కాదు. పేరు పెడితే అడగాలి, అడిగితే ఇవ్వాలి. జానపదం అని రాసేస్తే ఎవడిదీ కాదు, అంటే మనదే. చెరువు శిఖం భూమిలో రాత్రికి రాత్రి కడీలు పాతి ప్లాట్లు చేసి అమ్ముకున్నట్టే ఇదీ. పైగా ఆ పాటే ఊళ్ళో పిల్లలెవరన్నా పాడి పెడితే వీళ్ళే కాపీరైట్ అని నోటీసు పంపుతారు! సిగ్గుండాలి కదా. అసలు జానపదమైతే మాత్రం దాని వెనక మనిషి లేదా? నాట్లేస్తూ నడుము నొప్పికి ఆ మొదటి మాట అన్న ఆడమనిషి ఒకతి ఉంటుంది కదా, ఆమె పేరు ఎవడూ అడగలేదు. అడగనివాళ్ళ సంతానమే ఇప్పుడు డ్రోన్లు ఎగరేస్తోంది. రాసినవాడు మన కళ్ళముందు స్టేజీ మీద చెమటలు కక్కుతూ పాడుతుండగానే ఇంత ధైర్యమా?

ఇంతకీ మేమేం పీకాం? ఎవరు ముందు విన్నారని ఏళ్ళ తరబడి కొట్టుకుచచ్చాం. ఈ వీడియో కల్వకుర్తి తమ్ముడు పోయిన నెలే చూశాడట. "డ్రోన్ షాట్లు మంచిగున్నయని ముందుకు జరిపినన్నా" అన్నాడు, తల దించుకుని.

నేను ఇంత ఆవేశపడేసరికి బల్ల దగ్గర కాస్త ఇబ్బందిగా అయింది. "చాయ్ తాగు యాదగిరీ, చల్లారింది" అన్నారు పెద్దాయన. తర్వాత అమ్మాయి దగ్గరున్న పెన్ను అడిగి, క్యాసెట్ బల్ల మీద పెట్టి, ‘జానపదాలు’ మీద అడ్డంగా గీత కొట్టి పైన ఉన్న కాస్త ఖాళీలో రాయడం మొదలెట్టారు. ‘గో’ రాశారు.

"సార్, గోరటా గోరేటా?" అంది అమ్మాయి.

"గోరటి" అన్నాడు విజయవాడ సోదరుడు. "గోరేటి! మా దిక్కు గోరేటే అంటరు, నీకేమెర్క?" అని కల్వకుర్తి తమ్ముడు లేచాడు. రెండూ అచ్చులో చూశానని నేనన్నాను, "నువ్వు మాట్లాడకు యాదగిరీ" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. పెద్దాయన పెన్ను గాల్లోనే పట్టుకుని ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నారు. చీపురు పిల్లవాడు వచ్చి మా కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అమ్మాయి వాడికి ఇంకో అయిదు చాయ్ చెప్పింది.