"టెక్నికల్ వాళ్ల" పేర్లు మనకెందుకట!

నిన్న సాయంత్రం ఒక సాహిత్య సభకి వెళ్లొచ్చా, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు కాబట్టి ఇక్కడ చెప్పేసుకుంటున్నా. టాపిక్ అచ్చు పుస్తకం పుట్టుక. మాట్లాడినాయన పెద్దాయన, బాగా చదువుకున్నాయన. ఇటలీలో వెనిస్ అన్నారు, అక్కడి ప్రింటర్ ఆల్డస్ మనూషియస్ అన్నారు, గ్రీకుని మొదట అచ్చేసిందే ఆయన అన్నారు. ప్రశ్నల టైంలో లేచి "సార్, అంతకుముందే మిలాన్‌లో దమిలాస్ అని..." అంటుండగానే ఆయన నవ్వేసి "అవన్నీ టెక్నికల్ వాళ్ల పేర్లమ్మా, మనకెందుకు" అనేశారు. హాలంతా నవ్వింది. మైకు పక్క వరసకి వెళ్లిపోయింది.

మనకెందుకా!

తేదీ వేసి, పూర్తిగా గ్రీకులో అచ్చయిన మొదటి పుస్తకం 1476 జనవరిలో మిలాన్‌లో వచ్చింది. కాన్‌స్టంటైన్ లాస్కారిస్ అనే గ్రీకు పండితుడు రాసిన గ్రీకు వ్యాకరణం. దానికి అక్షరాలు తయారుచేసినవాడు దిమిత్రియోస్ దమిలాస్, క్రీటు ద్వీపం వాడు. 1488లో ఫ్లోరెన్స్‌లో హోమర్ మొదటిసారి అచ్చయినప్పుడు కూడా ఆ పనిలో ఉన్నది ఇదే దమిలాస్. ఆల్డస్ వెనిస్‌లో మొదటి గ్రీకు పుస్తకం వేసింది 1495లో, అంటే హోమర్ అచ్చయి ఆరేళ్లు దాటాక! స్టేజీ ఎక్కేముందు ఇంత మాత్రం చూసుకోవద్దా?

ఆల్డస్ అంటే నాకేం కోపం లేదు. 1495 నుంచి 1498 లోపు అరిస్టాటిల్‌ని అయిదు సంపుటాల్లో తెచ్చాడు, సోఫోక్లీస్, హెరోడోటస్, థ్యూసిడిడీస్ ముగ్గుర్నీ 1502 ఒక్క ఏడాదిలో తెచ్చాడు, చేతులెత్తి దణ్ణం పెడతా. కానీ ఒక్కడే చేశాడా? అరిస్టోఫేనిస్ నాటకాలు, ప్లేటో, ఆ ప్రతులన్నీ ముందేసుకుని పాఠం సరిదిద్దింది మార్కస్ ముసురస్, ఆయనా క్రీటువాడే. అక్షరాలు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో.

గ్రీకు అక్షరం చెక్కడమంటే ఏంటో తెలుసా అసలు? ఒక్క ఆల్ఫా తీసుకోండి. దాని నెత్తిన ఊపిరి గుర్తు (ముందు 'హ' పలకాలా వద్దా అని చెప్పేది) రెండు రకాలు, స్వరం ఎత్తుదించే గుర్తు మూడు రకాలు, ఒక్కోసారి రెండూ కలిపి, ఒక్కోసారి కింద అయోటా అనే చిన్న అక్షరం, అన్నీ లెక్కేస్తే ఒక్క ఆల్ఫాకే ఇరవైకి పైగా రూపాలు. పైగా అప్పటివాళ్లకి చేతిరాతలాగే కనబడాలి, అంటే అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుండే జంట అక్షరాలు మళ్లీ వేరే. ఒక్కోటీ ఉక్కు కడ్డీ చివర, అద్దంలో కనబడేట్టు తిరగేసి చెక్కాలి, దాన్ని రాగి మీద కొట్టి, ఆ గుంటలో సీసం పోసి తీయాలి. మన గుణింతాలూ ఒత్తులతో అచ్చుపని చూసినవాళ్లకి ఆ తిప్పలేంటో నేను చెప్పక్కర్లేదు.

గ్రిఫోకి దక్కిందేంటి? 1501లో ఆల్డస్ వేసిన లాటిన్ కవి వర్జిల్ పుస్తకంలో మెచ్చుకుంటూ మూడే మూడు లైన్లు. ఆ పుస్తకానికి వాడిన కొత్త వాలు అక్షరాల (ఇటాలిక్) మీద హక్కు మాత్రం ఆల్డస్ పేరు మీదే. చెక్కినవాడు తన అక్షరాన్ని తను అమ్ముకోలేని పరిస్థితి. ఆయన విడిపోయి సొంచీనో అనే ఇంకో ప్రింటర్ దగ్గరికి వెళ్తే, ఆ సొంచీనో 1503లో పుస్తకం ముందుమాటలోనే రాసేశాడు, ఆ అక్షరాలు కనిపెట్టింది ఆల్డస్ కాదు, గ్రిఫో అని. అయిదు వందల ఏళ్ల కిందటే ఒకడు ఇంత గట్టిగా చెప్పాడు, ఇప్పుడు నేను చెబితే హాలు నవ్వుతుంది.

నాకు బాగా ఇష్టమైంది 1499లో వెనిస్‌లోనే జకారియాస్ కల్లియెర్గిస్ అచ్చేసిన పెద్ద గ్రీకు నిఘంటువు. డబ్బు పెట్టింది నికోలావోస్ వ్లాస్తోస్, వెనక నిలబడి వేయించింది అన్నా నోతరాస్ అనే ఆవిడ. ఆవిడ తండ్రిని 1453లో గ్రీకుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతిలో పడిపోయాక చంపేశారు, పరాయి ఊళ్లో ఉంటూ తన భాష పుస్తకం వేయించింది ఆ తల్లి. దానికి ముసురస్ పద్యం రాస్తూ ఉక్కు చెక్కిందీ క్రీటువాడే, సీసం పోసిందీ క్రీటువాడే, ఖర్చు పెట్టుకుందీ క్రీటువాడే అని చేతిపని కూడా వదలకుండా వరసబెట్టి చెప్పాడు. అదీ పండితుడంటే!

మా నాన్న ముప్పై ఏళ్లు కంపోజిటర్, అంటే ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని. కేసు, అదే అక్షరాల గడుల పెట్టె, ముందు నిలబడి, కాపీ ఓ కంట చూస్తూ, ఏ ఒత్తు ఏ గడిలో ఉందో చూడకుండానే తీసి స్టిక్కులో పేర్చేవాడు. గోళ్ల సందుల్లో నలుపు పెళ్లిళ్లకి వెళ్లినా పోయేది కాదు. మా ఊళ్లో ఒక కవిగారి పుస్తకం మొత్తం నాన్నే కంపోజ్ చేశాడు, ఒక పద్యంలో యతి తప్పిందని ఆయనే పట్టుకుని కవిగారికి చెప్పి దిద్దించాడు కూడా. ఆవిష్కరణ రోజు నన్ను తీసుకెళ్లి ఆఖరి వరసలో కూర్చోబెట్టుకున్నాడు. స్టేజీ మీద శాలువాలు, దండలు, పేపరు ఇచ్చిన షావుకారుకి సైతం దండ. నాన్న గురించి వచ్చిన మాట ఒక్కటే, "ముద్రారాక్షసాలు ఉంటే మన్నించండి" అని. తప్పుంటే కంపోజిటర్‌ది, బాగుంటే కవిగారిది, ఇదేం లెక్క! నాన్న చప్పట్లు కొట్టాడు అందరితో పాటు. నాకు పదేళ్లు అప్పుడు, ఆ చప్పట్లు ఇప్పటికీ మింగుడు పడవు.

నిన్నటి సభ వీడియో రెండు రోజుల్లో పెడతారట. దాని కింద దమిలాస్, గ్రిఫో, ముసురస్, కల్లియెర్గిస్, వ్లాస్తోస్, అన్నా నోతరాస్ అని ఒక్కొక్క పేరూ రాస్తా. ఆఖర్న మా నాన్న పేరు కూడా రాస్తా.